పడి లేచిన రాజు

మా అత్తగారికి జానపద సినిమాలంటే ప్రాణం. కిరీటం, కత్తి, గుర్రం ఉంటే చాలు, కథ ఏదైనా ఫరవాలేదు. అందుకే జగ్గయ్యపేటలో గోడ మీద కిరీటం పెట్టుకున్న రాజు పోస్టరు కనపడగానే ఆవిడ ఇంకేమీ చూడలేదు. అది మార్నింగ్ షో అనీ, ఇంగ్లీషు సినిమా అనీ, అలాంటి ఆటకు ఆడవాళ్లు వెళ్లరనీ చెప్పబోయాను. ఆవిడ అప్పటికే చీర మార్చుకుంటోంది.

ఆ సినిమాను మోసుకొస్తున్నది మా ఆయనే. ఎనభైల్లో ఒకే ప్రింటును నందిగామలో ఒక హాలు, మా ఊళ్లో ఒక హాలు పంచుకుని ఆడించేవి. అక్కడ మొదటి సగం అవగానే ఆ రీళ్ల డబ్బాలు గోనెసంచిలో వేసి, మోటారు సైకిలు వెనక కట్టుకుని ఈయన ఇక్కడికి తెచ్చేవారు. ఇక్కడ అది ఆడుతుండగా రెండో సగం కోసం మళ్లీ పరుగు. ఇన్ని సినిమాలు మోశారే గానీ, ఒక్కటీ మొదటి నుంచి చివరిదాకా చూసిన పాపాన పోలేదు.

తెర మీద రాజు ఉన్నాడు, కిరీటం ఉంది, కత్తులున్నాయి. గుర్రాలే లేవు. ఇనప చొక్కాలు తొడుక్కున్న వీరులు మోటారు సైకిళ్లెక్కి, బల్లేలు పట్టుకుని, ఎదురెదురుగా దూసుకొచ్చి ఒకరినొకరు పడగొట్టుకుంటున్నారు. ఇంకేదో ఉంటుందని వచ్చిన మగవాళ్లు ఉసూరుమన్నారు. అత్తగారు మాత్రం ఒక్క క్షణం తడబడి సర్దుకుంది. "వాళ్ల దేశంలో గుర్రాలకి కరువేమోనే" అంది. భాష ముక్క రాకపోయినా రాజు మాట తప్పని మనిషని ఆవిడకు తెలిసిపోయింది. నాకే కుదురు లేదు. తెర మీద బండి బోల్తా పడినప్పుడల్లా నేను తలుపు వైపు చూసేదాన్ని. మా ఆయన కూడా అదే సమయానికి లారీల మధ్య హైవే మీద ఉన్నారు మరి.

ఇంటర్వెల్ ఇచ్చారు. సోడాలయిపోయాయి, బజ్జీలయిపోయాయి, ఆట మాత్రం మొదలు కాలేదు. జనం కుర్చీలు దబదబా బాదడం మొదలుపెట్టారు. మేనేజరు గేటు దాకా వెళ్లి రోడ్డు చూసి వస్తున్నాడు. ఇంతలో అప్పుడే బస్సు దిగి వచ్చిన ఒకాయన, నందిగామ రోడ్డులో చిల్లకల్లుకి ఇవతల మిరపకాయల లారీ రోడ్డుకి అడ్డం తిరిగి ఉందనీ, పక్కన ఎవరిదో మోటారు సైకిలు పడి ఉందనీ మేనేజరుతో చెప్పాడు. అది మా చెవిన పడింది. అత్తగారు నా చెయ్యి పట్టుకుంది. కాపురానికి వచ్చి ఏడాది కాలేదు, నలుగురిలో ఏడవడానికి కూడా నాకు సిగ్గుగానే ఉంది.

ఆ తర్వాత బయట బండి చప్పుడు వినిపించింది. మామూలు చప్పుడు కాదు, సైలెన్సరు ఊడిన మోత. ఈయన కుంటుకుంటూ, సంచి భుజాన వేసుకుని లోపలికొచ్చారు. మోకాలి దగ్గర పంచె చిరిగింది.

"ఏం కాలేదమ్మా" అన్నారు వాళ్లమ్మతో. "లారీ మీదకొస్తుంటే తప్పుకున్నా. మినప కట్టె మీద పడ్డా."

లారీల చక్రాల కింద నలిగి గింజ రాలాలని మా వైపు రైతులు పీకిన మినప మొక్కల కట్టెను రోడ్డు మీదే మెత్తగా పరుస్తారు. బళ్లు జారుతున్నాయని తిట్టుకోని వాళ్లుండరు. ఆ రోజు ఆ కట్టె పరిచిన రైతు ఎవరో గానీ, నేను మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను. నాకు అప్పుడు ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

జనం గోలకి ఆపరేటరు ఆదరాబాదరాగా రీలు ఎక్కించాడు. అత్తగారు కొడుకుని వెళ్లనివ్వకుండా ఆడవాళ్ల బెంచీ మీదే మా మధ్య కూర్చోబెట్టింది. ఎవరూ కాదనలేదు. చాలాసేపటికి, రాజు ఒంటరిగా రోడ్డు మీద పోతూ పోతూ ఎదురుగా వచ్చిన లారీ కింద పడిపోయాడు. అత్తగారు కొడుకు చొక్కా గుప్పిట్లో పట్టుకుని కళ్లు మూసుకుంది.

మరుక్షణం తెర మీద అదే రాజు నవ్వుతూ, కిరీటంతో సహా, మోటారు సైకిలెక్కి వచ్చాడు. హాలు ఈలలతో దద్దరిల్లింది. ఆట అక్కడే, రాజూ వీరులూ అందరూ కలిసి ఉండగా అయిపోయింది.

ఈయన నా వైపు వంగి, పడ్డప్పుడు మూతలూడి రీళ్లు దొర్లిపోయాయనీ, ఏది ఏ డబ్బాలో పెట్టారో తనకే తెలియదనీ, ముందు రావాల్సిన రీలు చివర పడినట్టుందనీ మెల్లగా చెప్పారు. అత్తగారికి చెప్పొద్దని నేనే అన్నాను.

మర్నాటి ఆటకల్లా ఆపరేటరు రీళ్లు సరిచేసుకున్నాడు. అది చూసి వచ్చిన ఎదురింటాయన, చివరికి పాపం రాజు పోయాడని అరుగు మీద కూర్చుని చెప్పాడు. అత్తగారు కొడుకు మోకాలికి పసుపు రాస్తోంది. తలెత్తలేదు.

"నీకు తెలీదు నాయనా. పడ్డాడు, లేచొచ్చాడు. నే చూసా."