లేచి లేచి చచ్చిపోయే రిచర్డ్

రిచర్డ్‌కు ఒకటే బలహీనత. చచ్చిపోవడం మొదలుపెడితే ఓ పట్టాన పూర్తి చేయడు.

గాజువాక పక్కనున్న ఓ ఇనుప కార్ఖానాలో ఏటా మార్చిలో భద్రతా వారోత్సవాలు జరుగుతాయి. చివరి రోజు సాయంత్రం కార్మికులు తమ కుటుంబాల ముందు నాటకం వేస్తారు. కథ ఎప్పుడూ అదే. అప్పలకొండ అనే పనివాడు హెల్మెట్ పెట్టుకోడు, నెత్తిన ఇనుప దిమ్మె పడుతుంది, పోతాడు. పాతికేళ్లకు పైగా ఆ అప్పలకొండ వేషం రిచర్డ్‌దే. క్రేన్ నడిపే ఉద్యోగం నుంచి రిటైరయ్యాడు గానీ, చావు నుంచి మాత్రం కాలేదు.

పోయిన అప్పలకొండ తలను ఒళ్లో పెట్టుకుని ఏడ్చే స్నేహితుడి వేషం వెంకటేష్‌ది. నాటకం రాసిందీ, ఆడించేదీ కూడా అతనే. అతను రాసిన చావు చాలా చిన్నది. "మిత్రమా, హెల్మెట్..." అని తల వాల్చేయాలి, అంతే. రిచర్డ్ తల వాల్చేవాడు. జనం చప్పట్లకు చేతులెత్తేసరికి లేచి కూర్చునేవాడు.

"బావా, బండికి స్టాండెయ్యడం మర్సిపోనాను. కాస్త సూడు!" అని మళ్లీ వాలిపోయేవాడు. మళ్లీ లేచి, ముందు వరసలో ఉన్న భార్యను అడిగేవాడు. "రత్నమణీ, పొయ్యి మీద పులుసు దింపినావా?"

"దింపీసినాను గానీ, నువ్వు ముందు సావు!" అని ఆవిడ కూర్చున్నచోటి నుంచే కసిరేది. మైదానం గొల్లుమనేది.

ఈలోగా వెంకటేష్ కాలు తిమ్మిరెక్కిపోయేది. నాటకం అయ్యాక అందరూ నడిచి ఇంటికెళితే, అతను కుంటుకుంటూ వెళ్లేవాడు. "నీకన్నా ముందు నా కాలు సచ్చిపోతంది బావా" అని ఏటా మొత్తుకునేవాడు. రిచర్డ్ వింటేగా!

పైగా సాధనొకటి. బస్టాపులో సాధన, చర్చి మెట్ల మీద సాధన. ఓసారి జాలరిపేటలో చేపలు బేరమాడుతూ ధర వినగానే గుండె పట్టుకుని గంప పక్కన కూలిపోయాడు. అమ్మే ఆవిడ కిందికి కూడా చూడలేదు. "సేపలు కొనకపోతే పోనీ, ఇక్కడ సావకు బాబూ, బేరాలు పోతాయి" అంది.

ఈ ఏడాది కొత్తగా భద్రతాధికారిణి హిమబిందు వచ్చింది. పాత వీడియో చూసి వెంకటేష్‌ను పిలిపించింది. "ఆయన చచ్చిపోతుంటే జనం కడుపు పట్టుకుని నవ్వుతున్నారండీ. ప్రమాదం అంటే భయం వేయాలి కదా? ఈసారి ఎవరైనా కుర్రాడితో వేయించండి."

వెంకటేష్ మనసులో ఉన్న మాటే అది. కార్తీక్ అనే కొత్త వెల్డర్‌ను ఎంచుకున్నాడు. ఆ సంగతి చెప్పడానికి వెళ్లేసరికి రత్నమణి అప్పలకొండ ఖాకీ చొక్కాకు గుండీ కుడుతోంది.

"రా బావా! ఈ ఏడుకి కొత్త సావొకటి తయారు సేసినాను" అన్నాడు రిచర్డ్ హుషారుగా.

వెంకటేష్ గోడకేసి చూస్తూ చెప్పేశాడు. రత్నమణి సూది ఆగిపోయింది. రిచర్డ్ ఆ చొక్కా అందుకుని మడతపెట్టాడు.

"కార్తీక్ వోళ్లమ్మ సన్యాసమ్మ వత్తాదేటి నాటకానికి?"

"వత్తాది. ఏం?"

"ఏం నేదు. ముందు వరసలో కూకోబెట్టకు."

అసూయ, అనుకున్నాడు వెంకటేష్. కార్తీక్‌కు మాత్రం గట్టిగా నూరిపోశాడు. "ఒకసారి సచ్చినాక మరి లెగకూడదు. ఏటి జరిగినా సరే, కన్ను తెరవకూడదు!"

నాటకం రోజున థర్మోకోల్ దిమ్మె పడింది. కార్తీక్ తల వాల్చాడు. మైదానమంతా నిశ్శబ్దం. వెంకటేష్‌కు నిజం కన్నీళ్లే వచ్చాయి. కాలు తిమ్మిరెక్కకముందే చావు అయిపోవడం ఇదే మొదటిసారి!

"ఓలమ్మో, నా కొడుకో!"

సన్యాసమ్మ స్టేజీ ఎక్కేసింది. కొడుకును పట్టుకుని కుదిపింది. గురువు మాట జవదాటని కార్తీక్ కన్ను తెరవలేదు. ప్రథమ చికిత్స ప్రదర్శన కోసం వచ్చిన కుర్రాళ్లు అది చూసి కంగారుపడి, స్ట్రెచర్ తెచ్చి అతన్ని ఎక్కించేశారు. కింద ఆడవాళ్లంతా ఏడుపు. డ్యూటీలో ఉన్న భర్తలకు ఫోన్లు. హిమబిందు మైకులో "ఇది నాటకమండీ, నాటకం!" అని అరుస్తోంది. వినేవాళ్లెవరు?

"ఆగండెహె!"

రిచర్డ్ స్టేజీ మీదికొచ్చాడు. పెళ్లికెళ్లే చొక్కా గుండీలు విప్పితే లోపల అప్పలకొండ ఖాకీ చొక్కా. "దిమ్మె పడింది నా నెత్తి మీద. ఆడినెక్కడికి మోసుకుపోతన్నారు?" అంటూ థర్మోకోల్ దిమ్మెను తన నెత్తినే కొట్టుకుని, వెంకటేష్ ఒళ్లో కూలిపోయాడు. వెంటనే లేచి కూర్చున్నాడు.

"సన్యాసమ్మా! నీ కొడుకు ఆకలికి సోలిపోనాడు గానీ, ఇంటికాడ ఏటొండినావు?"

"నెత్తళ్ల ఇగురు" అంది ఆవిడ వెక్కుతూనే.

స్ట్రెచర్ మీద కార్తీక్ ఒక కన్ను తెరుచుకుంది. సన్యాసమ్మ వాడి చెంప మీద ఒక్కటిచ్చి, గట్టిగా వాటేసుకుంది. జనం భళ్లున నవ్వేశారు. ఫోన్లు చేతిసంచుల్లోకి వెళ్లిపోయాయి.

"నెత్తళ్లా? అయితే నానిప్పుడే సావను" అంటూనే రిచర్డ్ మళ్లీ వాలాడు.

నవ్వుల హోరులో వెంకటేష్ తల వంచి గుసగుసలాడాడు. "ఇన్నాళ్లూ కావాలనే సేసినావా బావా?"

చచ్చినవాడు కళ్లు మూసుకునే బదులిచ్చాడు. "మొదటేడు నిజంగా సచ్చినట్టే సచ్చినాను. ముందు వరసలో పోతమ్మ కూకుంది. ఆవిడ మొగుడు ఆవేళ డ్యూటీలో ఉన్నాడు. నా సావు సూసి, ఆవిడ తిన్నగా గేటు కాడికెళ్లి, ఆడు బయటికొచ్చినదాకా అన్నం నీల్లూ నేకుండా నిలబడిపోయింది. ఈలందరి మొగుళ్లూ రేపు డ్యూటీకెల్లాల కదా బావా. అప్పట్నుంచీ లెగిసి లెగిసి సత్తన్నాను."

స్టేజీ పక్కన హిమబిందు మైకు పక్కన పెట్టేసి, కళ్లు తుడుచుకుంటూ నవ్వుతోంది.

"కాలు తిమ్మిరెక్కిందేటి బావా? ముగించీమంటావా?" అన్నాడు రిచర్డ్.

వెంకటేష్ కాలు ఎప్పుడో మొద్దుబారిపోయింది.

"నా కాలికేటి, బాగానే ఉంది. నువ్వింకా పులుసు సంగతి అడగనేదు."

అప్పలకొండ లేచి కూర్చున్నాడు.