చేమంతి, కనకాంబరం, ప్రెసిడెంటుగారు

అరవైల చివర మాచర్ల దగ్గర ఒక హైస్కూల్లో సైన్సు టీచరుగా చేరాను. ఉద్యోగం ఇంకా పర్మినెంటు కాలేదు. ఊరికి ఎడంగా ఉండే మా క్రైస్తవ వాడలో చాక్‌పీసు పట్టిన మొదటి ఆడదాన్ని నేనే. మా నాయన స్కూలు కమిటీ ప్రెసిడెంటు పొలంలో కూలికి వెళ్లేవాడు.

ఆ ఏడు మన దేశంలో పుట్టిన ఒక జీవరసాయన శాస్త్రవేత్తకు ప్రపంచంలోనే పెద్ద బహుమతి వచ్చింది. స్కూల్లో సభ పెట్టి నన్ను మాట్లాడమన్నారు. నాకు పట్టరాని సంతోషం.

ఆడపిల్లల జడల్లో పూలు అడిగి తీసుకుని, ఒక చేమంతి, ఒక కనకాంబరం, మళ్లీ చేమంతి, మళ్లీ కనకాంబరం, అలా దండ గుచ్చాను.

"మూడేసి పూలు ఒక మాట అనుకోండి. ఈ దండలో రెండు మాటలే మారి మారి వస్తాయి. ఆయన కూడా రసాయనాలను ఇలాగే వరసగా గుచ్చి, ఏ మాటకు ప్రోటీనులో ఏ ముక్క చేరుతుందో కనిపెట్టాడు. తల్లిదండ్రుల నుంచి బిడ్డలకొచ్చే గుణాలన్నీ ఈ భాషలోనే రాసి ఉంటాయి."

పిల్లలు వేళ్లతో లెక్కపెట్టుకుని నిజమేనని నవ్వారు.

సభకొచ్చిన ప్రెసిడెంటుగారికి బండలాగే ఎడ్లంటే ప్రాణం. "మా ఎడ్ల జాతి గొప్పంతా అందులోనే ఉంటదన్నమాట. మనుషులూ అంతేగా టీచరమ్మా, ఎవరి పుట్టుక వాళ్లది" అన్నాడు మీసం దువ్వుకుంటూ.

నాకు ఒళ్లు మండింది. "ఎద్దుకైనా మిరపమొక్కకైనా ఆ భాష ఒకటేనండి. మనుషులకు వేరే ఎక్కడుంది?"

"అంటే నాదీ మీ అయ్యదీ ఒకటేనంటావా?"

"ఒకటేనండి."

హెడ్మాస్టరు గబగబా సభ ముగించేశాడు. నన్ను గదిలోకి పిలిచి, "ప్రెసిడెంటుగారింటికి పోయి తప్పయిందని చెప్పమ్మా. లేకుంటే నీ ఉద్యోగమూ నిలవదు, మీ నాయన పనీ నిలవదు" అన్నాడు.

మర్నాడు నాయనా నేనూ బయలుదేరాం. మా వాళ్లు ప్రెసిడెంటుగారి వీధిలోకి వెళ్లాలంటే చెప్పులు విప్పి చేత్తో పట్టుకోవాలి. వీధి మొదట్లో నాయన అలవాటుగా వంగాడు.

"వద్దు నాయనా" అన్నాను.

"పని పోద్దే."

"పోనీ."

నాయన వంచిన నడుము ఎత్తాడు. తర్వాత చెప్పులతోనే నడిచాడు. అంత గర్వం నేనెన్నడూ ఎరగను.

అరుగు మీద కూర్చున్న ప్రెసిడెంటు మా కాళ్లవంక చూశాడు. "ఏందిరా ఇది?"

"మా పిల్ల చెప్పిన దాంట్లో తప్పేం లేదయ్యా. ఆ మాట చెబుదామనే వొచ్చాం" అన్నాడు నాయన.

ఆ పూటే నాయన పని పోయింది, నెలాఖరుకు నా ఉద్యోగం పోయింది. ఆ రోజు తిరిగొచ్చేటప్పుడు మాత్రం ఆ వీధి నడిమధ్యనే నడిచొచ్చాం.