గూబ చూసిన వైపు

దయ్యాలనీ శకునాలనీ నేను ఏనాడూ నమ్మలేదు. ఇరవై ఏళ్లుగా తాడేపల్లిగూడెంలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతున్నాను. నమ్మితే రేపు క్లాసులో వాళ్ల ముఖం ఎలా చూడను? అందుకే ఇది రాయాలా వద్దా అని ఏడాదిగా తటపటాయిస్తున్నాను.

మాది ఏలూరు, కాలేజీకి రోజూ రైల్లో వెళ్లొస్తాను. నాకున్న పిచ్చల్లా గూబల ఫోటోలు. కొల్లేటికి వచ్చేవాళ్లంతా కొంగల వెంట, గూడబాతుల వెంట పడతారు. నేను మాత్రం చలికాలం ఆదివారాలు చీకటితోనే కారు తీసి, మండవల్లి దగ్గర ఒక చేపల చెరువు గట్టుకు చేరేదాన్ని. అక్కడ పాడుబడిన మోటారు షెడ్డు ఉంది. తమలపాకు ఆకారంలో తెల్లటి ముఖమున్న గూబ ఒకటి రాత్రంతా ఎలుకలు పట్టుకుని, తెల్లారేసరికి ఆ షెడ్డు కిటికీలో వాలేది. పావుగంట మంచులో కూర్చుని లోపలికి పోయేది.

మా ఆయన డ్రాయింగ్ మాస్టారు. నన్ను ఒంటరిగా పంపడం ఇష్టంలేక వెంట వచ్చేవారు. కెమెరా దగ్గర నిలబడ్డ నాకు ఎడమ పక్కన ప్లాస్టిక్ స్టూలు వేసుకుని, మఫ్లరు చుట్టుకుని, టీ ఫ్లాస్కు ఒళ్లో పెట్టుకుని కూర్చునేవారు. కెమెరా ముట్టుకునేవారు కాదు. ఇంటికొచ్చి కంప్యూటర్లో చూశాక మాత్రం ఊరుకునేవారు కాదు. నేను ఎప్పుడూ గూబను సరిగ్గా మధ్యలో పెట్టి తీసేదాన్ని. పాస్‌పోర్టు ఫోటోలు బాగా వచ్చాయని ఏడిపించేవారు.

"చూపు వెళ్లే వైపు కాస్త చోటు వదలవోయ్. లేకపోతే అది వెళ్లి ఫ్రేముకి కొట్టుకుంటుంది" అనేవారు.

సరే అనేదాన్ని. మళ్లీ వారం మళ్లీ మధ్యలోనే.

రెండేళ్ల కిందట వానాకాలంలో ఆయన నిద్రలోనే పోయారు. దండ వేయడానికి ఫోటో కోసం వెతికితే, పెళ్లినాటివే ఉన్నాయి, నేను తీసింది ఒక్కటీ లేదు. వేల ఫోటోలున్నాయి, అన్నీ గూబలే. చివరికి స్కూలు ఐడీ కార్డు మీది పాస్‌పోర్టు ఫోటోనే పెద్దది చేయించాం. ఆ సిగ్గు నన్ను ఇంకా వదల్లేదు.

పదకొండో రోజున మా ఆడపడుచు హాల్లో నేను తగిలించిన గూబ ఫోటో పటాన్ని గోడవైపు తిప్పేసింది. గూబను ఇంట్లో పెట్టుకుంటే ఇంటాయనకు చేటని నలుగురిలో అంది. నేను పటాన్ని మళ్లీ ఇటు తిప్పాను. కానీ ఆ మాట లోపల ముల్లులా ఉండిపోయింది.

ఒక చలికాలం కెమెరా తీయలేదు. ఎవరికైనా ఇచ్చేద్దామనుకున్నాను. ఇచ్చేముందు ఒక్కసారి చూద్దామని పోయిన డిసెంబరులో వెళ్లాను. ఫ్లాస్కు తేవడం మరిచిపోయాను. అది ఎప్పుడూ ఆయన పని.

గూబ వాలింది. నన్ను చూడలేదు. నా ఎడమ పక్కకు, కూర్చున్న మనిషి ఎత్తుకు చూస్తోంది. ఆ చూపు ఫ్రేముకి కొట్టుకోకుండా నా చేతులు వాటంతటవే కెమెరాను ఎడమకు జరిపాయి. జన్మలో మొదటిసారి చోటు వదిలి తీశాను. ముప్పై దాకా తీశాను. అన్నింటిలోనూ చూపు అక్కడే ఉంది.

ఎలుక ఉందేమోనని గడ్డంతా కర్రతో వెతికాను. బొరియ కూడా కనబడలేదు. తర్వాతి ఆదివారం గట్టు మీద ముప్పై అడుగులు అవతలికి జరిగి నిలబడ్డాను. చూపూ జరిగింది. మళ్లీ నా ఎడమకే. చెరువు కాపలా ఉండే వెంకన్నను పిలిచి, ఇటు పక్కన గూబకు ఏం కనబడుతుందని అడిగాను.

"అక్కడేముంటాదండీ, మాస్టారు గారు కూర్చునే పక్కేగా" అన్నాడు.

మూడో ఆదివారం కారు డిక్కీలోంచి ఆయన స్టూలు తీశాను. కెమెరాను స్టాండు మీద పెట్టి, ఎడమ వైపు చోటు వదిలి, ఆయన కూర్చునే చోట నేను కూర్చున్నాను. రిమోటు చేతిలో ఉంది. గూబ నన్ను చూస్తే అలవాటుగా అటు చూస్తోందనుకుని లెక్క ముగించేద్దామనుకున్నాను.

అది నన్ను చూడలేదు. సూటిగా కెమెరా వైపు, నిలబడిన మనిషి ఎత్తుకు చూసింది. కెమెరా చప్పుడుకు చూసిందందామంటే, రిమోటు నొక్కకముందు నుంచీ అటే చూస్తోంది. అటు పూర్తిగా తిరిగి చూడటానికి నాకు చాలాసేపు ధైర్యం చాలలేదు. తిరిగి చూస్తే కెమెరా వెనక ఎవరూ లేరు. ఏడ్చాను.

ఇది మా ఆడపడుచుకు చెప్పలేదు. చెబితే నేనప్పుడే అన్నానుగా అంటుంది. కారణమేమిటో నాకు ఇప్పటికీ తెలియదు. దయ్యాలను నమ్మనని ఇప్పటికీ అంటాను.

గూబ సూటిగా కెమెరాలోకి చూస్తున్న ఆ ఫోటోను హాల్లో ఆయన పటం పక్కనే పెట్టాను. ఎడమ వైపు వదిలిన చోటంతా వృథాగా ఉంది, ఆయన చూస్తే ఏడిపించేవారు. కానీ ఆ గట్టు మీద, కెమెరా వెనక ఆయన ఉన్నారనడానికి నా దగ్గర ఉన్న ఫోటో అదొక్కటే.