ఉపవాసంతో ఐదు కిలోమీటర్లు

మేం తోడికోడళ్లం, కావలిలో ఒకే ఇంట్లో ఉంటాం. చిన్నకోడలు ఎవాంజెలిన్‌కి నలభై రెండేళ్లు. ఆసుపత్రిలో నర్సు. నిరుడు తనకే షుగర్ అని తేలింది. ఇంకొకరైతే ఏడుస్తూ కూర్చుంటారు. ఈమె ఫోన్లో పన్నెండు వారాల పరుగు ప్లాను వెతికి, కాగితం మీద రాసి, వంటింట్లో బైబిలు వాగ్దానాల క్యాలెండర్ పక్కన అంటించింది. మొదటి వారం నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక. ఆదివారం పెద్ద పరుగు రాసి ఉంటే, చర్చిలో ఆరాధన తప్పకూడదని శనివారానికి మార్చుకుంది.

మా అత్త పొద్దున్నే లేచి ఆమెకు రాగిజావ కాచేది. పదహారేళ్లు చాకిరీ చేసిన నాకు ఏనాడైనా గ్లాసుడు టీ ఇచ్చిందా? "చిన్నది చూడు, ఎంత నాజూగ్గా అయిందో" అంటుంటే ఒళ్లు మండిపోయేది. అవును, కుళ్లే. దాచడమెందుకు?

ఆ కాగితాన్ని ఫోటో తీసుకుని, ఆమె డ్యూటీకి వెళ్లాక నేనూ మొదలుపెట్టాను. రిపబ్లిక్ డేకి తుమ్మలపెంట రోడ్డు మీద ఐదు కిలోమీటర్ల పరుగు ఉందంటే, ఆమెతోపాటు నేనూ పేరిచ్చాను. ఒక్కసారైనా అత్త నోట అబిగయీలన్న నా పేరు ముందు రావాలి.

ఆ రోజు శుక్రవారం పడింది. మా సంఘంలో ఆడవాళ్ల ఉపవాస ప్రార్థన. మూడింటిదాకా మంచినీళ్లు కూడా ముట్టం. ఎవాంజెలిన్ పాస్టరమ్మ గారితో చెప్పి గురువారమే ఉపవాసం ఉండి, ఆ పొద్దున రెండు అరటిపళ్లు తిని వచ్చింది. నేను మాత్రం ఉపవాసంతోనే పరిగెత్తుతానన్నాను. భక్తిలోనూ నేనే పైన ఉండాలి మరి!

నాలుగో కిలోమీటరు దాకా ఆమెకంటే ముందే ఉన్నాను. రొయ్యల గుంటల దగ్గర కళ్లు బైర్లు కమ్మి కూలబడ్డాను. వెనక వస్తున్న ఆమె ఆగిపోయింది.

"ఏందక్కా ఇది! నీళ్లు తాగు."

"ఉపవాసం."

"దేవుడికి నేను చెప్పుకుంటాలే, ముందు తాగు."

తాగాను. నా చెయ్యి భుజాన వేసుకుని నడిపించింది. అందరూ మమ్మల్ని దాటి వెళ్లిపోయారు. చివరి గీత దగ్గర వీపు మీద చెయ్యి వేసి, "నువ్వు ముందు పో అక్కా" అంది. సిగ్గులేకుండా పోయాను.

ఇంటికి రాగానే అత్త అడిగింది. "మీ ఇద్దర్లో ఎవురు ముందొచ్చినారు?"

"నేనే" అన్నాను.

"అవునత్తా, అక్కే" అంది ఎవాంజెలిన్.

మూడు గంటలకు, ఉపవాసం విడవమని అత్త రాగిజావ తెచ్చి నా చేతికిచ్చింది. "నీళ్లన్నా ముట్టకుండా పరిగెత్తినాది మా అబిగయీలు!" అని పక్కింటికి వినపడేలా చెప్పింది.

జావ గ్లాసు పక్కన పెట్టేశాను. ఎవాంజెలిన్ అక్కడే కూర్చుని కూర తరుగుతోంది. ఆ మనిషి ఒక్క మాట బయటపెట్టి ఉంటే, హాయిగా తిట్టుకునేదాన్ని కదా!