మందు ఆగిన చోటు

కోతలప్పుడు, పామర్రు దగ్గర మా పొలంలో బస్తాలు ఎత్తుతూ మా ఆయన ట్రాక్టరు ట్రక్కు మీంచి జారారు. నేల మీద పడలేదు. ట్రక్కు తలుపు ఇనప అంచు మీద చెరో కాలూ చెరోవైపు వేసుకుని కూలబడ్డారు. లేచి నవ్వారట కూడా. ఈ సంగతి నాకు మర్నాడు గానీ తెలియలేదు. ఆ సాయంత్రం లుంగీ మీద రక్తం చూసి అడిగితే, ఎండకి వేడి చేసి ఉంటుందన్నారు.

మా వైపు మూత్రం ఎర్రగా వస్తే ముందు వేడే అనుకుంటారు. తోటికోడలు బార్లీ కాచింది, కొబ్బరిబోండాలు కొట్టించింది. దెబ్బ మాట రాకపోతే చాలన్నట్టు ఆయన బుద్ధిగా అన్నీ తాగారు. ఒక్క చుక్కా బయటికి రాలేదు. తెల్లారేసరికి పొత్తికడుపు రాయిలా బిగిసింది. తోటికోడలు ఇంకో గ్లాసు తెస్తే ఆయన గోడవైపు తిరిగి నాతో, "ఇంక నీళ్ళొద్దే. బెజవాడ తీసుకుపో," అన్నారు. పడిన సంగతి కారులో చెప్పారు.

ఆసుపత్రిలో మూత్రం తియ్యడానికి నర్సు ట్యూబు తెచ్చింది. ఆమె ముందు ఆయన నోరు విప్పరు కాబట్టి పడిన సంగతి నేనే చెప్పాను. డాక్టరు గారు వెంటనే ట్యూబు ఆపించారు.

"గుడ్డిగా తోస్తే చిరిగిన మూత్రనాళం పూర్తిగా తెగిపోతుందమ్మా. ముందు కింది నుంచి రంగు మందు ఎక్కించి ఎక్స్‌రే చూద్దాం. దారమంత మందైనా మూత్రసంచికి చేరితే తేలిగ్గా బయటపడతాం. చేరకపోతే పొట్టలోంచి గొట్టం వెయ్యాలి, నెలలు ఆగి ఆపరేషన్ చెయ్యాలి. తర్వాత కాపురం, పిల్లలు... మాట ఇవ్వలేను."

మాకింకా పిల్లలు లేరు.

ఎక్స్‌రే గదిలో ఆడవాళ్ళుంటారా అని ఆయన అడిగారు. "మీ ఆవిడ తప్ప ఎవరూ లేరండీ. ఆవిణ్ణి కూడా పంపెయ్యమంటారా?" అన్నాడు ఫిల్మ్ తీసే అతను. ఆయన నా చెయ్యి వదల్లేదు. ఎక్స్‌రే తగలకుండా నాకు బరువైన సీసపు కోటు తొడిగారు.

ప్రభువా, దారమంత చాలు అనుకుంటూ తెర చూశాను. తెల్లటి గీత పైకి వచ్చింది. ఒకచోట ఆగి, గట్టు తెగిన కాలువ నీళ్ళు చేలో పడ్డట్టు పక్కకి పరుచుకుంది. దాని పైన ఏమీ లేదు. మా ఆయన తెర చూడటం లేదు, నా మొహమే చూస్తున్నారు.

"చేరిందా?"

"లేదండీ."

పొట్టలోంచి గొట్టం వేశారు. మంచం పక్క సంచిలోకి మూత్రం ఎర్రగా దిగుతుంటే ఆయన కడుపు మెత్తబడింది, కళ్ళు మూతపడ్డాయి. సంచిని అరచేత్తో పట్టుకుంటే వెచ్చగా ఉంది. ఆ వెచ్చదనానికి దేవుడికి స్తోత్రం చెప్పుకున్నాను. మనిషి నాకు మిగిలాడు. కానీ మెలకువ వచ్చాక ఆయన పిల్లల సంగతి అడుగుతారు. ఏం చెప్పాలో తెలియక, ఇంకాసేపు నిద్రపోనిమ్మని కూడా వేడుకున్నాను.