మక్కల రేటు మారినప్పుడు

1995లో నాకు నలభై రెండేళ్లు. సిద్దిపేట ధాన్యం మార్కెట్లో, అదే గంజిలో, ఒక ఆడ్తి దుకాణంలో లెక్కల గుమాస్తాగా ఉండేవాణ్ణి. ఆడ్తి అంటే రైతు తెచ్చిన పంటను వ్యాపారికి అమ్మించి కమీషన్ తీసుకునే దుకాణం. మాకు చిన్నకోడూరు, నారాయణరావుపేట వైపు నుంచి మొక్కజొన్న ఎక్కువగా వచ్చేది. దాన్ని మేం మక్కలంటాం. నేను ఎనిమిదో తరగతి దాటలేదు. లెక్కలు కాంటా పక్కన నిలబడి నేర్చుకున్నాను.

గంజిలో గుమాస్తా విలువ కట్టే పద్ధతి ఒకటుండేది. చివరి బస్తా కాంటా దిగేలోపు మొత్తం తూకం, తరుగు పోను రైతు చేతికి వచ్చేది, కాగితం ముట్టకుండా నోటితో చెప్పాలి. కాగితం మీద కూడికలు వేసుకునేవాణ్ణి చూసి హమాలీలు కూడా నవ్వేవారు. నన్ను చూసి ఎవరూ నవ్వలేదు.

ఆ ఏడు మా సేటు దుకాణానికి, కరీంనగర్ రోడ్డు మీది రైస్ మిల్లుకు కలిపి ఒక కంప్యూటర్ పెడతానన్నాడు. దానికి ఒక ఆపరేటర్ కావాలన్నాడు. అది వచ్చాక మా ముగ్గురు గుమాస్తాలలో ఎవరు మిగులుతారో ఆయన చెప్పలేదు. మిగలాలంటే ఆ కుర్చీ నాకే రావాలని అనుకున్నాను. బస్టాండు దగ్గరి కంప్యూటర్ సెంటర్‌లో ఆదివారం ఆదివారం ఒక గంట కూర్చునేవాణ్ణి. ఒక్క మిషన్ ముందు ముగ్గురం. నా వేళ్లు కీబోర్డు మీద పడే వంతు వచ్చేసరికి గంట అయిపోయేది. అయినా స్ప్రెడ్‌షీట్ అర్థమైంది. అది తెర మీది గళ్ల కాగితం. ఒక్కో గడిని సెల్ అంటారు. సెల్‌లో అంకె వేయవచ్చు, లేదా ఫార్ములా వేయవచ్చు. ఫార్ములా అంటే ఈ గడిని ఆ గడితో గుణించు అని మిషన్‌కు చెప్పిపెట్టడం.

పోటీకి ఇద్దరమే నిలబడ్డాం. రెండోవాడు రవీందర్, సేటు బామ్మర్ది కొడుకు, వరసకు అల్లుడు, డిగ్రీ చదివినవాడు. సంగతి తెలిసిన రోజే తోటి గుమాస్తా మల్లేశం నా భుజం తట్టాడు.

“నర్సింలన్నా, ఎందుకు ఉత్తగ ఆదివారాలు ఖరాబు చేసుకుంటున్నవే? అల్లుడుండంగ నీకిస్తడా?”

“పరీక్ష పెడుతుండు గదరా.”

“పెండ్లికొడుకును ముందే ఖాయం జేసి, పెండ్లిచూపులకు నిన్ను గూడ పిలిచిండు. పో, చాయ్ తాగి రా.”

కంప్యూటర్ అమ్మిన కంపెనీ నుంచి హైదరాబాదు ఆయన ఒకరు వచ్చి పరీక్ష పెట్టారు. ఒక రోజు మక్కల రాబడి కాగితం ఇచ్చి, బస్తాలు, తూకం, రేటు, తరుగు, కమీషన్ అన్నీ షీటులో కట్టమన్నారు. నేను ముందు ముగించాను. రవీందర్ ఇంకా సగంలో ఉన్నాడు. నా మొత్తం పైసాతో సహా సరిపోయింది. ఆ కాసేపు నా అంత సంతోషంగా గంజిలో ఎవరూ ఉండి ఉండరు.

రవీందర్ ముగించాక హైదరాబాదు ఆయన ఇద్దరి షీట్లలోనూ రేటు గడి ఒక్కటి మార్చారు. “మక్కల రేటు మారిందనుకుందాం” అన్నారు. రవీందర్ షీటులో కింది అంకెలన్నీ వరసగా మారిపోయాయి. నా షీటులో ఏదీ కదలలేదు. నేను ప్రతి లెక్కా తలలో చేసి, జవాబులు మాత్రమే గళ్లలో కొట్టాను. ఫార్ములా తెలియక కాదు. నాకు వచ్చిన లెక్కను ఇంకొకరి చేత చేయించడం అనే ఆలోచనే రాలేదు.

“మీరు లెక్క చేశారు. నేను కంప్యూటర్ చేత చేయించమన్నాను” అన్నారాయన, మెల్లగానే.

సేటు నవ్వాడు. “నర్సింలూ, నీ తలకాయ మంచిదే. గని పొద్దుమీకితే దాన్ని నువ్వు ఇంటికి పట్టుకపోతవు. నా లెక్క గీడ ఉండాలె గద.”

ఉద్యోగం రవీందర్‌కు ఇచ్చారు. నన్ను, మల్లేశాన్ని కాంటా చిట్టీలు రాయడానికి ఉంచారు. మూడో గుమాస్తా వెళ్లిపోయాడు. గంజి అంతా అల్లుడు కాబట్టి వచ్చిందన్నది. ఆ మాట నాకు చల్లగా ఉండేది. అది పూర్తి నిజం కాదని తెలిసీ ఎవరినీ సరిదిద్దలేదు.

మిల్లులో అతని గదికి తలుపు తెర, కూలర్, గుండ్రంగా తిరిగే కుర్చీ. మేం చెప్పులు బయట విడిచి, చిట్టీలు అందించి రావాలి. మాకు చాయ్ గ్లాసులో వస్తే అతనికి కప్పు సాసరులో వచ్చేది. కీబోర్డు చూడకుండా అతని వేళ్లు పరుగెత్తుతుంటే నాకు అన్నం సయించేది కాదు. తప్పు ఎప్పుడు చేస్తాడా అని చూసేవాణ్ణి. అతను మంచిగానే చేసేవాడు. అదే ఎక్కువ మండేది. పనికిరానివాడైతే హాయిగా తిట్టుకునేవాణ్ణి.

ఒక రోజు చిట్టీలు ఇస్తూ అడిగాను. “ఇంత జోరుగ ఎక్కడ నేర్చుకున్నవు పటేలా?”

“గిదాని మీదనే కాకా. నిరుడే కొన్నడు మామ. గీ ఆఫీసు గది తయారయ్యేదాక వాళ్లింట్లనే పెట్టిండు. నేను సెలవులకొచ్చి పొద్దంత దాని ముందటనే ఉంటుంటి. అత్త అన్నం గూడ గాడికే తెచ్చి పెట్టేది.”

దాపరికం లేకుండా చెప్పాడు. నేను బస్టాండు దగ్గర వంతు కోసం కూర్చున్న ఆదివారాలన్నీ ఆ మిషన్ సేటు ఇంట్లో ఉందన్నమాట. పరీక్షలో అన్యాయం ఏమీ జరగలేదు. జరిగిందేదో అంతకుముందే, ఒక ఇంటి ముందు గదిలో, ఎవరి తప్పూ లేకుండా జరిగిపోయింది.

“ఆదివారం మిల్లు బందే గద కాకా. నువ్వొచ్చి కూసో. తాళం నా దగ్గరనే ఉంటది.”

అతని దయ తీసుకోవడం కష్టమనిపించింది. చాలా ఆదివారాలు పోలేదు. ఆ తర్వాత పోయాను. చిన్నవాడి పక్కన స్టూలు మీద కూర్చుని, తలలో లెక్క పుడుతుంటే నొక్కిపెట్టి, ఫార్ములాలు రాయడం నేర్చుకున్నాను. కుళ్లు మాత్రం పోలేదు. అతను ఎంత ఓపికగా చెబితే అంత పెరిగేది.

రెండేళ్లకు గజ్వేల్ దారిలో ఒక జిన్నింగ్ మిల్లు, అంటే పత్తి నుంచి గింజ తీసే మిల్లు, ఆపరేటర్ కోసం చూస్తోందని విని పోయాను. యజమాని మొదట నేను కట్టిన షీటు చూశాడు. రేటు మార్చి చూశాడు, అంకెలు కదిలాయి. తర్వాత తలెత్తి అడిగాడు.

“నిన్నెవరు పంపిన్రు?”

ఎవరూ పంపలేదు. అయినా ఆ ప్రశ్నకు ఒక పేరు కావాలని నాకు తెలుసు. “సిద్దిపేట గంజిల రవీందర్ తాన నేర్చుకున్న” అన్నాను.

“మన సేటు అల్లుడా? గట్ల చెప్పు మరి. సోమవారం నుంచి రా.”

నేనూ ఆపరేటర్‌నయ్యాను. యోగ్యత, పరిచయం రెండు వేర్వేరు గళ్లని అంతకుముందు అనుకునేవాణ్ణి. ఒకదాంట్లోంచి ఇంకోటి ఎట్లా పుడుతుందో ఆ ఉద్యోగం నేర్పింది. ఆయన నా షీటు చూసి ఇచ్చాడా, ఆ పేరు విని ఇచ్చాడా? ఎంత దీనికి, ఎంత దానికి? ఎంత విడదీసినా తేలలేదు. నా వృత్తిలో నేను తేల్చలేకపోయిన లెక్క అదొక్కటే.