చేతుల్లేని కుర్చీ

మా ఆఫీసులో ఎవరు ఎంతవారో తెలుసుకోవాలంటే మొహం చూడక్కర్లేదు, కింద ఏముందో చూస్తే చాలు. స్టూలుంటే అటెండరు. చేతుల్లేని కుర్చీ ఉంటే జూనియర్ గుమాస్తా. చేతులుంటే సీనియర్. చేతులతో పాటు కింద మెత్త కూడా ఉంటే సూపరింటెండెంటు. గిర్రున తిరిగితే ఆఫీసరు. ఇక మా పెద్దాఫీసరుగారి కుర్చీ వీపు ఆయన తలకంటే జానెడు ఎత్తు. వెనకనుంచి చూస్తే అందులో మనిషి ఉన్నాడో లేడో తెలిసేది కాదు. ముందునుంచి చూసినా చాలా రోజులు ఉండేవారు కాదనుకోండి, అది వేరే సంగతి.

ఈ కుర్చీలన్నిటినీ చూసుకునేవాడు ఒక వడ్రంగి. మెట్ల కిందున్న రేకుల గది అతని కార్ఖానా. జీతాల రిజిస్టరులో అతనికో పేరు ఉండే ఉంటుంది. మాకందరికీ మాత్రం బాబాయి. స్టూలు మీద కూర్చునేవాళ్ళని బాబాయ్, అక్కా అని వరస కలిపి పిలవడం, నువ్వు అనడం మా ఆఫీసు మర్యాద. కుర్చీలో ఉన్నవాళ్ళని గారు అంటాం. చుట్టరికం కలిపేస్తే ఇంక గౌరవం ఇవ్వక్కర్లేదని ఎవరో తెలివైనవాడు కనిపెట్టాడు. మేం పాటించాం.

మా ఆఫీసు పొదుపు గురించి కూడా చెప్పాలి. ప్రమోషన్ వచ్చినవాడికి కొత్త కుర్చీ ఇవ్వరు. పాత కుర్చీకే బాబాయి వచ్చి రెండు చేతులు బిగిస్తాడు. అందుకని ఆర్డరు చేతిలో పడగానే ఎవరైనా ముందు పరిగెత్తేది పెళ్ళాం దగ్గరికి కాదు, రేకుల గదికి. నేనూ పరిగెత్తాను. నా కుర్చీకి చేతులొచ్చిన రోజు పనేమీ లేకపోయినా మోచేతులు ఆనించుకుని ఆఫీసు మూసేదాకా కదల్లేదు. ఇంటికెళ్ళి, భోజనాల బల్ల దగ్గర కుర్చీలకి చేతులు లేవని మా ఆవిడ మీద విసుక్కున్నాను కూడా.

ఒకసారి మా పనితీరు చూడ్డానికి విదేశీ బృందం ఒకటి వచ్చింది. నాకు వాళ్ళ భాష రెండు ముక్కలు వచ్చు కాబట్టి నన్ను పక్కన నిలబెట్టారు. వాళ్ళ నాయకుడు మా కుర్చీల వ్యవస్థ చూసి తెగ బాధపడిపోయాడు. "మా దేశంలో ఇలాంటి ఎక్కువ తక్కువలు లేవు. మా డైరెక్టరుని నేను పేరు పెట్టే పిలుస్తాను" అన్నాడు. ఆ గదిలోనే ఊగుతున్న బల్ల కాలు సరిచేస్తున్న బాబాయి తల పైకెత్తాడు.

"బాబూ, మరి వాళ్ళ దగ్గర కుర్చీలు ఎవరు బాగుచేస్తారో అడగండి" అన్నాడు నాతో.

అడిగాను. వాళ్ళెవరో తెల్లవారుజామున వెనక తలుపులోంచి వచ్చి బాగుచేసి వెళ్ళిపోతారట, ఎవరూ వాళ్ళని చూడరట.

"పోన్లెండి. ఇక్కడ నేను కనబడుతున్నాను" అని బాబాయి మళ్ళీ బల్ల కిందికి దూరాడు.

బాబాయికి నలభై ఎనిమిదేళ్ళొచ్చాక ఆఫీసులో ఒక కొత్త ఆర్డరు వచ్చింది. కింది సిబ్బందిలో పదో తరగతి పాసైనవాళ్ళు పరీక్ష రాసి జూనియర్ గుమాస్తా కావచ్చు అని. బాబాయి పది పాసయ్యాడని అప్పటిదాకా ఎవరికీ తెలీదు. మేం అడిగితే కదా. ఆ సాయంత్రం నా బల్ల దగ్గరకొచ్చి, లెక్కలూ ఉత్తరాలు రాయడం నేర్పమన్నాడు.

"ఈ వయసులో ఎందుకు బాబాయ్ ఈ పాట్లు? జీతం కూడా పెద్దగా పెరగదు" అన్నాను.

బాబాయి సిగ్గుపడుతూ చెప్పాడు. "పైన మీరంతా భోంచేసే బల్ల ఉంది కదా బాబూ. పాత తలుపులు కోసి నేనే చేశాను దాన్ని. పన్నెండు రోజులు పట్టింది. చేసిన చేతులతో దాని మీద ఒక్కపూటన్నా అన్నం తినలేదు. పనిమీద వెళ్ళినప్పుడు తుడిచి వచ్చేయడమే. అక్కడ మీ అందరితో కూర్చుని, కబుర్లు చెప్పుకుంటూ తినాలని నా కోరిక."

నాకు నవ్వొచ్చింది. ఎవడైనా అధికారం కోసమో పరపతి కోసమో పైకెక్కుతాడు గానీ, పదిమందితో కలిసి క్యారేజీ విప్పుకోవడం కోసం మూడేళ్ళు పరీక్షలు రాస్తాడా? బాబాయి రాశాడు. రెండుసార్లు తప్పాడు. రెండుసార్లూ మర్నాడు పుస్తకం పట్టుకుని నా దగ్గరికే వచ్చాడు. నేను నేర్పాను. నేర్పుతున్నానని నలుగురికీ వినబడేలా చెప్పుకున్నాను. నా ఉదార బుద్ధికి నేనే మురిసిపోయిన రోజులవి.

మూడోసారి పాసయ్యాడు. ఆఫీసంతా కింద హాల్లో చేరి చప్పట్లు కొట్టాం. "మన సంస్థలో పైవాడు, కిందివాడు అనే మాటే లేదు" అని పెద్దాఫీసరుగారు గంటసేపు మాట్లాడారు. ఆయన వెనక ఆ ఎత్తు వీపు కుర్చీ ఉంది. దాన్ని మూడో అంతస్తు నుంచి ఇద్దరు అటెండర్లు మోసుకొచ్చి, ఆయాసపడుతూ గోడవార నిలబడ్డారు.

తన కుర్చీని బాబాయి తనే చేసుకున్నాడు, వడ్రంగిగా తన చివరి రోజున. చేతుల్లేనిదే చేసుకున్నాడు. రూలుకి వెంట్రుకవాసి ఎక్కువ కాకుండా.

మర్నాడు మధ్యాహ్నం, పైకి వెళ్ళబోయే ముందు, ఇన్నేళ్ళూ కలిసి తిన్నవాళ్ళకి ఒకమాట చెప్పి వెళ్దామని రేకుల గదికి వెళ్ళాడు. ఇద్దరు అటెండర్లు, ఊడ్చే అక్క అతన్ని చూసి లేచి నిలబడ్డారు.

"కూర్చోండర్రా, ఏంటిది?" అన్నాడు బాబాయి.

"ఇక్కడ దుమ్మండీ. మీరు పైకెళ్ళండి" అంది అక్క.

"అండీ ఏంటే? నేను ఎవరనుకున్నావు?"

"గుమాస్తాగారు కదండీ. రేపట్నించి మా హాజరు మీరే రాస్తారట. మా జాగ్రత్తలో మేముండాలి."

అక్క మాటలో ఎగతాళి లేదు. అదే బాబాయికి ఎక్కువ నొప్పి కలిగించిందని తర్వాత నాతో అన్నాడు.

పైన మా బల్ల చుట్టూ పదమూడు కుర్చీలు, మేం పన్నెండుమందిమి. బాబాయి క్యారేజీ పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. ఖాళీ కుర్చీ వైపు చూశాడు. "అది టైపిస్టుగారిదండీ. సెలవులో ఉన్నారు, ఏ క్షణానైనా వచ్చేస్తారు" అన్నాడు మా సీనియర్, ఎంతో వినయంగా. ఆ టైపిస్టు బదిలీ అయి ఏడాది దాటింది. మర్నాడు ఆ కుర్చీ ఆడిటరుగారిదైంది. ఆ మర్నాడు దాని కాలు విరిగిందన్నారు, కుర్చీ కాలు విరిగిందో లేదో చూడ్డం రాని మనిషితో చెప్పినట్టు. నేను తలొంచుకుని భోంచేస్తూనే ఉన్నాను.

అందరికీ వచ్చిన అసలు చిక్కు ఏమిటంటే, అతన్ని ఏమని పిలవాలో తెలీలేదు. గుమాస్తాని బాబాయ్ అంటే గుమాస్తాలందరికీ తలవంపులు. గారు అందామంటే నోరు తిరగలేదు. కాబట్టి పిలవడమే మానేశాం. కాగితం ఇవ్వాలంటే అతని బల్ల మీద పెట్టి దగ్గేవాళ్ళం. బాబాయి మెట్ల మలుపులో కిటికీ దగ్గర నిలబడి తినేవాడు. నెలరోజులు అలాగే తిన్నాడు.

ఒక మధ్యాహ్నం మా సీనియర్ కుర్చీ చెయ్యి ఊడి చేతికొచ్చింది. కొత్త వడ్రంగిని వేయలేదు, ఆ పోస్టు పొదుపు కింద ఎత్తేశారు. మెట్ల మలుపు నుంచి బాబాయి చూశాడు. ముప్పై ఏళ్ళ అలవాటు ఎక్కడికి పోతుంది? సొరుగులోంచి స్క్రూడ్రైవరు తెచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని రెండు నిమిషాల్లో బిగించేశాడు.

"భలే బాబాయ్!" అన్నాడు సీనియర్, నోరు జారి.

నెల తర్వాత విన్న ఆ పిలుపుకి బాబాయి మొహం వెలిగిపోయింది. "బాబాయ్, నాది కూడా కిర్రుమంటోంది" అన్నారు ఇంకొకరు. "బల్ల కూడా ఊగుతోంది బాబాయ్" అన్నారు మరొకరు. వారంరోజులు భోజనాల వేళ మాకు పండగే. మేం పైన తింటుంటే అతను బల్ల కింద మరలు బిగిస్తూ కబుర్లు చెప్పేవాడు. మేం నవ్వేవాళ్ళం, అతనూ నవ్వేవాడు. బాబాయి మా బల్ల దగ్గరికి చేరాడు గానీ, పైకి కాదు, కిందికి. అది మాకెవరికీ తప్పుగా తోచలేదు. అందరికీ అలవాటైన ఎత్తులోనే ఉన్నాడు మరి.

పన్నెండు కుర్చీలూ గట్టిపడ్డాక మా గుమాస్తాల సంఘం కార్యదర్శికి మెలకువ వచ్చింది. గుమాస్తా అయ్యుండి స్క్రూడ్రైవరు పట్టుకుంటే రేపు మనందరి చేతా పట్టిస్తారు, ఇది గుమాస్తాల పరువు సమస్య అని ఫిర్యాదు రాశాడు. పన్నెండుమందిమీ సంతకాలు పెట్టాం. నేను ఏడోవాణ్ణి. కింది గీత వంకరపోకుండా చక్కగా పెట్టాను.

విచారణలో మాటలు రాసుకోమని నన్ను కూర్చోబెట్టారు.

"స్క్రూడ్రైవరు ఎందుకు పట్టుకున్నావయ్యా?" అన్నాడు ఆఫీసరు.

"కుర్చీ ఊగుతోందండీ."

"ఊగితే నీకేం? నువ్వు గుమాస్తావి. పోస్టుకి తగ్గట్టు ఉండడం నేర్చుకోవాలి."

"నేర్చుకుంటానండీ. తిరిగి వడ్రంగిగా వేసినా సరేనండీ."

ఆఫీసరు రూళ్ళ పుస్తకం తిరగేశాడు. పైకి వెళ్ళడానికి పరీక్ష ఉంది. కిందికి దిగాలంటే నేరం చెయ్యాలి, అది కూడా చిన్నది చాలదు. పైగా దిగడానికి ఆ పోస్టే లేదు. హెచ్చరించి వదిలేశారు. స్క్రూడ్రైవరుని మాత్రం సంస్థ ఆస్తి అని లాక్కున్నారు. అది బాబాయి సొంతది. ఆ మాట అతను అనలేదు, నాకు తెలిసీ నేను రాయలేదు.

ఆ రాత్రి నాకు సిగ్గేసింది, అబద్ధమెందుకు. మర్నాడు మధ్యాహ్నం మెట్ల మలుపు దగ్గరికి వెళ్ళి, క్యారేజీ అతని చేతిలోంచి లాక్కుని, మా గదిలోకి తీసుకొచ్చి నా పక్కన కూర్చోబెట్టాను. ఒకరి తర్వాత ఒకరు మూతలు పెట్టుకుని లేచారు. పది నిమిషాల్లో అంత పొడుగు బల్ల మీద మేమిద్దరమే మిగిలాం. బాబాయి తలెత్తకుండా తిన్నాడు. మధ్యలో ఒకసారి అరచేత్తో బల్లని నిమిరి, "చెక్క మంచిది బాబూ, ఇంకా ఇరవై ఏళ్ళు ఉంటుంది" అన్నాడు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను చేసిన ఒకే ఒక మంచిపని అదేననిపించింది.

ఆ సాయంత్రం కార్యదర్శి నన్ను పక్కకి పిలిచాడు. సూపరింటెండెంటు పోస్టుకి నా పేరు పైకి వెళ్ళిందని, సంఘం అభిప్రాయం అడిగారని చెప్పాడు. "మెత్త వేయించుకునే వేళ ఎందుకండీ మీకివన్నీ?" అని నవ్వాడు. భుజం కూడా తట్టాడు.

మర్నాడు బాబాయి తనంతట తనే వచ్చాడు, పిలవకుండా, క్యారేజీ పట్టుకుని, నవ్వు మొహంతో. నా పక్క కుర్చీలో ఒక సంచి ఉంది. అతను సంచిని చూశాడు, నన్ను చూశాడు. నేను మజ్జిగ కలుపుకోవడంలో మునిగిపోయాను.

"పర్లేదండీ, నేను తినేశాను" అన్నాడు. మూడేళ్ళు నా దగ్గర చదువుకున్న మనిషి నన్ను బాబూ అనలేదు. ఆ సంచి నాదే.